ఎడమకి తిప్పితే ఊడుతుందన్నాను

ఆ రోజుల్లో అనగానే ఏ పెద్దాయనో పడక్కుర్చీలో వాలి చెబుతున్నాడనుకునేరు. నా 'ఆ రోజులు' మూడేళ్ళ కిందటివే. దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక పాత విల్లా. అందులో ప్లైవుడ్ చెక్కలతో ఆరు ముక్కలు చేసిన హాలు. ఆ ఆరింటిలో ఒక ముక్కలో ముగ్గురం ఉండేవాళ్ళం. వారమంతా ఒక కంపెనీలో డ్రాయింగులకి నంబర్లు వేసి ఫైళ్ళలో పెట్టడం నా డ్యూటీ. శుక్రవారం మాత్రం నేను కళాకారుణ్ణి. ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొని, ఇన్‌స్టాలో నా పేరు చివర 'ఫోటోగ్రఫీ' అని తగిలించుకున్నాను (ఇంటిపేరు కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ రాసుకోలేదు). ఒంటెల్ని తీశాను, మేడల్ని తీశాను, సముద్రపొడ్డు రోడ్డు కార్నిష్‌లో ఆగి ఉన్న ఒకే పడవని పద్నాలుగు కోణాల్లో తీశాను. మనుషుల్ని మాత్రం తీయలేదు. మనుషులైతే తీశాక 'ఏదీ, చూపించు' అంటారు. పడవ అడగదు.

గదిలో మిగతా ఇద్దరిలో ఒకరు పైపన్న. జగిత్యాల వైపు మనిషి, సైట్లో పైప్ ఫిట్టరు. రెండో ఆయన గ్యాస్ బావ. శ్రీకాకుళం నుంచి వచ్చిన వెల్డరు, ఎవరికి బావో ఎవరికీ తెలియదు. పైపన్నకి డ్రైవరన్న అని ఒక దోస్తు ఉండేవాడు. రాయచోటి దగ్గరి పల్లె వాడు, ఒక ఖతరీ ఇంట్లో హౌస్ డ్రైవరు. బిడ్డ పుట్టినప్పుడు కూడా ఆయన ఇక్కడే స్టీరింగ్ పట్టుకుని ఉన్నాడు. ఆ నెల భార్యా, ఏడాదిన్నర పాపా విజిట్ మీద వచ్చి ఉమ్ ఘువైలినాలో చుట్టాల ఫ్లాట్లో దిగారు. మొదటి మూడు వారాలూ పాప ఈ మీసాలాయన్ని చూస్తే చాలు ఏడ్చేది. నాలుగో వారం చంకెక్కడం మొదలుపెట్టింది. అప్పటికి వీసా అయిపోవచ్చింది.

తెల్లారితే వాళ్ళ ఫ్లైటనగా, శుక్రవారం పొద్దున ఆయన మా గదికొచ్చాడు.

"తమ్ముడూ, పెద్ద కెమెరాతో తీస్తావంట గదా. మా ముగ్గురిదీ ఒక ఫోటో కావల్ల. ఫోన్లో శానా ఉండాయిలే. వాటిల్లో నా చెయ్యే ఉంటాది, నేనుండను. నిలబడుకోని, కాళ్ళతో సహా పడల్ల. పెద్దది చేపిచ్చి ఇంట్లో గోడకి పెడతాము. పాప దినామూ చూస్తాంటే నన్ను మర్చిపోదు. లేకుంటే మళ్ళా నేను పొయ్యేసరికి మొదట్నుంచీ ఏడుపే."

మూడింటికి మేడమ్‌ని వాళ్ళమ్మగారింట్లో దించాలట. పొద్దుగుంకి మగ్రిబ్ నమాజు వేళయ్యేసరికి మళ్ళీ అక్కడ ఉండాలట. ఆ మధ్యలో ఉన్నదే ఆయన కాలం. "దానికేముందన్నా, అదరగొట్టేద్దాం" అన్నాను. ఆయన వెళ్ళాక సంచీలోంచి కెమెరా తీసి చూసుకుంటే, లెన్స్ మూతికి నల్లద్దం అలాగే ఉంది.

ఈ నల్లద్దం సంగతి చెప్పాలి. దాన్ని ఫిల్టర్ అంటారు. లెన్స్‌కి పెట్టే చలవ కళ్ళద్దం అనుకోండి. అది బిగిస్తే వెలుతురు బొట్టుబొట్టుగా లోపలికి వెళుతుంది. ఒక్క ఫోటో పడటానికి ఎనిమిది సెకన్లు పడుతుంది, ఆ ఎనిమిది సెకన్లలో అలలన్నీ కలిసిపోయి సముద్రం పాలలా వస్తుంది. ముందురోజు సాయంత్రం డ్యూటీ దిగగానే వెళ్ళి పడవకి పదిహేనో కోణం వెతుకుతూ, గాలికి ఎక్కడ ఊడి పడుతుందోనని దాన్ని బలంగా బిగించాను. ఇప్పుడు తిప్పితే కదలదు. ఎనిమిది సెకన్లు ఊరుకోవడానికి సముద్రానికి అభ్యంతరం లేదు. ఏడాదిన్నర పాపని ఎవరు ఒప్పించాలి?

భోజనాలు కాగానే ఆపరేషన్ మొదలైంది. కెమెరా ఎవరి చేతికీ ఇవ్వనన్నాను. పొట్టకి హత్తుకుని, లెన్స్ బయటికి పెట్టి కూర్చున్నాను (కంగారూ పిల్ల గుర్తొస్తే నా తప్పు కాదు). ఎదురుగా పైపన్న బాసింపట్టు వేసుకుని రింగు పట్టుకున్నాడు.

"ఎడమకి తిప్పన్నా, ఊడుతుంది."

"ఎవని ఎడమ?"

"నా ఎడమే. కెమెరా నాది కదా."

పైపన్న కొంచెం తిప్పి ఆగిపోయాడు. "అరేయ్, గిది బిగుసుకుంటున్నదిరా. ఉల్టా తిప్పిపిస్తున్నవ్ నువ్వు."

"అన్నా, అది పైపు. ఇది లెన్స్" అన్నాను, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

మంచం మీంచి గ్యాస్ బావ నాకు మద్దతు పలికాడు. "గ్యాస్ సిలిండర్‌కి మరలు రివర్సే కదేటి? ఖరీదైన సరుకంతా అలగే ఉంటాది. ఎడమకే కానియ్ బావూ."

రెండు ఓట్లకి ఒకటి. ఇరవయ్యేళ్ళుగా మరలతోనే బతుకుతున్న మనిషి ఓడిపోయాడు. రింగు చుట్టూ రబ్బరు బ్యాండ్లు వేశాం. గిన్నెలు తోమే పసుపు రబ్బరు గ్లవ్ తొడిగి తిప్పాం. చల్లబడితే ఇనుము ముడుచుకుంటుందని గ్యాస్ బావ శాస్త్రం చెబితే, కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో చేపల పులుసు పక్కన పావుగంట పెట్టాం. పులుసు వాసన కెమెరాకి పట్టింది. అద్దం మాత్రం ఊడలేదు. ఒక్కొక్క ప్రయత్నం తర్వాతా పైపన్న "నేను జెప్త ఇనుర్రి" అనేవాడు, మేమిద్దరం "ఎడమకి" అనేవాళ్ళం. కింద హారన్ మోగింది. "యల్లా తమ్ముడూ, టైం మాఫీ!" అని డ్రైవరన్న కేక, పద, టైం లేదని. మేడమ్‌కి చెప్పే తెచ్చిన బండిలో భార్యా, పాపా అప్పటికే ఉన్నారు. గ్లవ్‌తో సహా మేమూ ఎక్కేశాం.

కార్నిష్‌లో ఎండ దిగుతోంది. డ్రైవరన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, సముద్రానికి వీపు పెట్టి, ఎవరో తుపాకీ చూపించినట్టు నిటారుగా నిలబడ్డాడు. ఆయన భార్య చిలకాకుపచ్చ పట్టుచీర కొంగు సర్దుకుంది. మధ్యలో ఎర్రగౌనులో పాప, తండ్రి చంకలో. నేను కెమెరాని స్టాండు మీద పెట్టి, నా జీవితంలోనే ఎన్నడూ లేనంత ధీమాగా "ఎవరూ కదలొద్దు" అన్నాను. ఎనిమిది సెకన్లు లెక్కపెట్టాను. స్క్రీన్ మీద డ్రైవరన్న శిల్పంలా వచ్చాడు. ఆవిడ కూడా బాగానే వచ్చింది. ఇద్దరి మధ్యా ఎర్రటి పొగ, పొగ అడుగున రెండు బుల్లి బూట్లు.

"పాపేది తమ్ముడూ?"

"ఇదే అన్నా, పాప."

ఆయన స్క్రీన్ మీది పొగనీ, చంకలో పాపనీ మార్చి మార్చి చూశాడు. ఆ చూపు నాకు బాగా తగిలింది. రెండోసారి పాపకి మూడు తలలు వచ్చాయి. మూడోసారి తల అసలే లేదు. అప్పుడే ఆయన ఫోను మోగింది. 'జీ మేడమ్, జీ మేడమ్' అని పెట్టేసి, "బిన్నా రమ్మంటాంది. ఇంగ పది నిమిషాలే" అన్నాడు. కెమెరా వెనకాల నిలబడే చేతులు ముందుకి చాపి రింగుని పిచ్చిపిచ్చిగా తిప్పుతున్నాను, ఎడమకి, ఇంకా ఎడమకి.

ఆవిడ ఎదురుగా నిలబడి అంతా చూస్తూనే ఉంది. "అన్నా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. దాన్ని తీస్తాండావా, బిగిస్తాండావా?"

"తీస్తున్నానమ్మా."

"నాకాడి నుంచి చూస్తే బిగిస్తాండావు."

కెమెరా చుట్టూ తిరిగి ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడ్డాను. అక్కణ్ణుంచి చూస్తే నా ఎడమ కాస్తా కుడి అయిపోయింది. వెనక నుంచి ఊడదీయడం అనుకున్నది ముందు నుంచి చూస్తే శుభ్రంగా బిగించడం. మధ్యాహ్నం నుంచీ ముగ్గురు మగవాళ్ళం, ఒక గ్లవ్, ఒక ఫ్రిజ్ కలిసి దాన్ని మరింత గట్టిగా బిగించాం.

"పగటీలి సంది నేను గదే మొత్తుకుంటున్న గదరా!" పైపన్న కేక కార్నిష్ ఆ చివరిదాకా వినిపించి ఉంటుంది. "ఇగ తే ఇటు!"

ఆ రోజు మొదటిసారి కెమెరా ఆయన చేతికిచ్చాను. ఆయన లెన్స్‌ని తనవైపు తిప్పుకుని, గ్లవ్ తొడుక్కుని, అయిదు వేళ్ళ కొసలూ రింగు చుట్టూ ఆనించాడు. "గట్టిగ పిసికితె రింగు వంకరైతది, మరలు ఇంకింత కరుస్తయి. చుట్టూ సమంగ పట్టాలె." అంతే. కిర్రుమంది. పకోడీ అందించినట్టు "ఇగో" అని నల్లద్దం నా చేతిలో పెట్టాడు. నేను ఎగిరి గంతేశాను. గ్యాస్ బావ ఈల వేశాడు. పక్కన నడుస్తున్న ఫిలిప్పీన్స్ అమ్మాయిలు ఏం జరిగిందో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

ఇంక అయిదు నిమిషాలు. పాప సముద్రం వైపు తప్ప ఎటూ చూడదు. గ్యాస్ బావ నా పక్కకి వచ్చి, పసుపు గ్లవ్ నెత్తిన జుట్టులా నిలబెట్టుకుని "కొక్కొరొకో" అన్నాడు (సిలిండర్ శాస్త్రానికి ప్రాయశ్చిత్తం అనుకుంటాను). పాప ఒక్కసారి ఇటు తిరిగి, తండ్రి కాలరు పిడికిట్లో పట్టుకుని, ముందరి నాలుగు పళ్ళూ కనబడేలా నవ్వింది. టక టక టక కొట్టాను, వరసగా పదకొండు. డ్రైవరన్న పరిగెత్తుకొచ్చి స్క్రీన్ మీదికి వంగాడు. తన ముఖం చూసుకోలేదు. కాలరు పట్టుకున్న ఆ పిడికిలినే పెద్దది చేయించి చూశాడు. "పడింది తమ్ముడూ" అన్నాడు. అని బండివైపు పరిగెత్తాడు.

రెండు నెలల తర్వాత ఆవిడ గోడ మీది ఫోటోని ఫోన్లో తీసి పంపింది. ముగ్గురూ కాళ్ళతో సహా నిలువెత్తున ఉన్నారు. అప్పుడు చూశాను. ఎండ నా వీపు వెనక ఉంది కదా, వాళ్ళ పాదాల దగ్గర నేలమీద పొడుగాటి నీడ పడింది. కాళ్ళు ఎడంగా పెట్టి, మోచేతులు రెండు పక్కలకీ చాచి, కెమెరా ముఖానికి ఆనించిన నీడ. పక్కనే నెత్తిన కోడిజుట్టుతో ఇంకో నీడ. వెలుతురు చూశాను, కోణం చూశాను, నన్ను మాత్రం నేను చూసుకోలేదు. సిగ్గుపడి, నీడలు తీసేసి మళ్ళీ పంపుతానని డ్రైవరన్నకి ఫోన్ చేశాను.

"వద్దులే తమ్ముడూ. పాప పొద్దన్నే గోడకాడికి పోయి, నన్ను చూపిచ్చి నాయనా అంటాది. కింద నిన్ను చూపిచ్చి మామ అంటాది. తీసేస్తే నిన్ను యాడని ఎతుక్కుంటాది?"

ఇప్పుడు పైపన్న సొంతూళ్ళో ఉన్నాడు, గ్యాస్ బావ వేరే దేశం పోయాడు, నేను దోహాలోనే అల్ ముంతజాలో కిటికీ ఉన్న గదిలో ఉంటున్నాను. ఆ విల్లాలో ఉన్నన్నాళ్ళూ వేలకొద్దీ ఫోటోలు తీశాను. వాటన్నిటిలో నేనున్నది ఆ ఒక్కటే, నేనెప్పుడూ చూడని ఇంటి గోడ మీద. అప్పుడప్పుడూ ఫోన్లో తెరిచి ఆ నీడగాణ్ణి చూస్తుంటాను. మోచేతులు చాచి ఎంత గొప్పగా నిలబడ్డాడో! తను కూడా ఫోటోలో పడుతున్నాడని పాపం వాడికి తెలియదు.