మనం అంటే ఎంతమంది

మా ఆయనకు "నేను" అనే మాట రాదు. నత్తి కాదు, వినయం అంతకన్నా కాదు. ఇరవై ఆరేళ్లు టూర్ బస్సులో మేనేజరుగా పనిచేసి చేసి ఆ మాట అరిగిపోయింది. ముందు సీటు పక్కన నిలబడి, రోడ్డుకు వీపు పెట్టి, మెడలో విజిల్ వేసుకుని రోజుకు వందసార్లు ఒకటే పాట. "మనం ఇక్కడ దిగుతాం. మనం ఇరవై ఐదు నిమిషాల్లో మళ్లీ ఎక్కుతాం. మనం ఎవ్వరం ఆలస్యం చెయ్యం." కంపెనీ నేర్పిన పద్ధతి అది. "మీరు దిగండి" అంటే అధికారం చెలాయించినట్టు ఉంటుందట. "మనం దిగుదాం" అంటే జనం చెప్పినట్టు వింటారట.

జనం విన్నారో లేదో గాని, ఆ మాట మాత్రం ఆయన వెంట ఇంటికొచ్చి కూర్చుంది. మా అమ్మాయి పుట్టేటప్పుడు నొప్పులు పడింది నేను. ఆస్పత్రికి ఫోన్ చేసి "మనకి నొప్పులు మొదలయ్యాయండీ" అన్నది ఆయన. ఒకసారి "మనకి రెండు రోజులుగా జ్వరం" అంటే డాక్టరుగారు ముందు నా చెయ్యి పట్టుకుని చూశారు. ప్రయాణికులు ఆయన్ని వెనకాల "మనంగారు" అని పిలుచుకునేవాళ్లు. ఆ సంగతి తెలిసి నాకు ఒళ్లు మండితే, ఆయన మురిసిపోయారు.

నెలలో ఇరవై రోజులు బస్సులోనే. నాకు వీధి చివర జిరాక్స్, బైండింగ్ కొట్టు ఉంది. కాలేజీ పిల్లల ప్రాజెక్టులకు చిల్లులు కొట్టి స్పైరల్ తీగ ఎక్కిస్తూ నా కాలం గడిచిపోయింది. "ఒక్కసారి నన్నూ తీసుకెళ్లండి" అంటే "డ్యూటీలో మనం ఇంట్లోవాళ్లని ఎక్కించకూడదు" అనేవారు. తిరిగొచ్చినప్పుడు హోటల్ గదుల్లో ఇచ్చే బుల్లి సబ్బులు తెచ్చేవారు. ఆయన చూసిన ఊళ్లన్నీ నేను స్నానాల గదిలోనే చూశాను.

రిటైరైన రోజు కంపెనీ వాళ్లు ఆయనకు శాలువా కప్పకుండా బుద్ధిగా టూర్ బస్సులో రెండు ఉచిత సీట్లు ఇచ్చారు. ఆయన తిరిగిన పాత రూటే, ఏడు రోజులు. దారి పటం ఉన్న టూర్ కాగితం తెచ్చి నా బైండింగ్ టేబుల్ మీద పరిచారు. బస్సు నాలుగో రోజు పొద్దున సముద్రం పక్క రోడ్డు మీద ఆగుతుంది. అక్కణ్ణించి లోపలి ఊళ్లకు వెళ్లి, ఆరో రోజు మళ్లీ అదే రోడ్డు మీదుగా వస్తుంది. ఆయన వేలు ఆ రెండు చోట్ల మధ్య ఆగింది.

"ఇక్కడ మనం దిగిపోదాం. ఈ రెండు రోజులు గుంపు వద్దు. అదిగో, ఆ లైట్‌హౌస్ దాకా నడుచుకుంటూ వెళ్దాం. ఆరో రోజు మళ్లీ బస్సు ఎక్కుదాం."

నేను పైకి ఏమీ అనలేదు గాని, లోపల ఎగిరి గంతేశాను. ఇన్నాళ్లకు మేమిద్దరమే, రెండు రోజులు! మర్నాడే నడక బూట్లు కొన్నాను. పొద్దున్నే వీధి చుట్టూ నాలుగు చుట్లు నడవడం మొదలుపెట్టాను. జిరాక్స్‌కి వచ్చిన ప్రతి పిల్లకీ ఈ కబురు చెప్పాను. అడగని వాళ్లకి కూడా. మిగిలిపోయిన రంగు కాగితాలు కత్తిరించి, సన్న తీగ ఎక్కించి, జేబులో పట్టేంత నోటు పుస్తకం ఒకటి చేశాను, మా ఇద్దరి కబుర్లు రాసుకోవడానికి.

నాలుగో రోజు పొద్దున బస్సు సముద్రం దగ్గర ఆగింది. దూరంగా, నేల సముద్రంలోకి చొచ్చుకుపోయిన చోట, తెల్లటి లైట్‌హౌస్. అందరూ ఫోటోలు దిగి మళ్లీ బస్సెక్కుతున్నారు. నేను కొత్త బూట్లు బిగించి, నా సంచీ భుజాన వేసుకుని దిగాను. ఆయన రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. ఇప్పుడు గైడ్‌గా ఉన్న ఆవిడ ఆయన దగ్గరే పని నేర్చుకుంది. జాబితా చూసుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"అదేంటి మేడమ్, మీరూ దిగారా? సార్ ఒక్కరే కదా దిగేది? మీ సీటు, లోపలి ఊళ్లో మీ గది అలాగే ఉంచేశాను."

నేను ఆయన వైపు చూశాను. ఆయన నా బూట్ల వైపు చూశారు.

"మనం ముందే చెప్పాం కదా..." అని నసిగారు.

"మనం అంటే ఎంతమందండీ?" అన్నాను.

పాపం, నిజంగానే ఆలోచనలో పడ్డారు. బస్సు కిటికీల్లోంచి అందరూ మమ్మల్నే చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఒక్కడినే," అన్నారు చివరికి.

"ఇరవై ఆరేళ్లు ఊళ్లోవాళ్లందరితో తిరిగారు. నా వంతు వచ్చేసరికి ఒక్కరే ఉండాలనిపించిందా?"

"నీ మీద కోపం కాదే. ఇక్కడికి మనం రెండొందల సార్లు వచ్చుంటాం. ఒక్కసారి కూడా ఈ సముద్రం చూడలేదు. కళ్లెప్పుడూ జనం మీదే. నువ్వొస్తే నిన్నే చూస్తూ ఉంటాం. కాలు జారుతుందేమో, దాహమేస్తుందేమో అని. అదొక జబ్బు." గొంతు తగ్గించారు. "నువ్వు వద్దంటే చెప్పు. బస్సెక్కేద్దాం."

వద్దనాలనే ఉంది. నాలుక చివరి దాకా వచ్చింది. అన్నానంటే నిజంగానే ఎక్కేస్తారు, మళ్లీ ఆ మాట ఎత్తరు కూడా. అప్పుడు చూశాను, ఆయన పెదవులు కదులుతున్నాయి. నా భుజం మీదుగా బస్సెక్కుతున్న వాళ్లను లెక్కపెడుతున్నారు. ముప్ఫై ఐదు, ముప్ఫై ఆరు. పెళ్లాం కళ్లనీళ్లతో ఎదురుగా నిలబడితే! సముద్రమేమో ఎప్పటిలాగే ఆయన వీపు వెనక ఉంది.

"వెళ్లండి," అన్నాను. నోటు పుస్తకం తీసి ఆయన సంచీలో కుక్కాను. "దారిలో ఎవర్నీ లెక్కపెట్టకండి."

బస్సు కదిలాక గంటసేపు కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. బూట్లు కూడా కరిచాయి. పక్కన ఖాళీ సీటు. గైడ్ వచ్చి అందులో కూర్చుంది.

"ఒక మాట చెప్తాను మేడమ్, ఏమీ అనుకోకండి. ప్రతి ట్రిప్పులోనూ ఎవరో ఒకరు 'ఆ లైట్‌హౌస్ దాకా వెళ్లొచ్చా' అని అడిగేవాళ్లు. 'మనకి టైం లేదండీ' అనేవారు సార్. అన్నప్పుడల్లా అటు తిరగబోయి, ఆగిపోయేవారు."

కోపం పోయిందని అబద్ధం చెప్పను.

మా బస్సులో ఒక పెద్దావిడ ఉండేది. ఎక్కడ దిగినా దుకాణంలో దూరి కనపడకుండా పోయేది. ఆయన దిగిపోయిన రోజు సాయంత్రానికే ఆవిడ కోసం వెతకడం నా పనైపోయింది. ఎవరు అప్పగించారో తెలీదు. మర్నాడు ఒక జలపాతం దగ్గర ఆపారు. బస్సెక్కాక అందరూ దాని అందం గురించి మాట్లాడుకుంటుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అక్కడ ఉన్నంతసేపూ నేను పెద్దావిడ జారే రాళ్ల మీదికి వెళ్లకుండా కళ్లలో వత్తులు వేసుకుని చూస్తున్నాను. హోరు విన్నాను, అంతే. జలపాతానికి వీపు పెట్టి నిలబడ్డానని అప్పుడు తెలిసింది. ఒక్క రోజుకే నాకిలా ఉంటే, ఆయనది ఇరవై ఆరేళ్లు. ఆ ఖాళీ సీటు మీద చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఆరో రోజు పదింటికి బస్సు మళ్లీ సముద్రం దగ్గరికి వచ్చింది. ఆయన లేరు. ఎవరినీ ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యనివ్వని మనిషి! ఐదు నిమిషాలు, పది నిమిషాలు. కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాను. ముప్ఫై ఆరుగురూ ఎక్కి కూర్చుని సణుగుతున్నారు. నా బుర్ర నిండా జారే రాళ్లే.

పన్నెండో నిమిషంలో వచ్చారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మొహం కమిలిపోయి, చెప్పులు చేత్తో పట్టుకుని, తీరుబడిగా.

"నేను లేటయ్యాను," అన్నారు.

గైడ్ నోరు వెళ్లబెట్టింది. నేను విన్నది నిజమో కాదో అని ఆయన మొహంలోకి చూశాను. ఆయన నోటు పుస్తకం నా చేతికిచ్చారు. మొదటి పేజీలో "మనం నడవడం మొదలుపెట్టాం" అని ఉంది. "మనం" కొట్టేసి పైన "నేను" అని రాశారు. రెండో పేజీలోనూ కొట్టివేతే. మూడో పేజీ నుంచి కొట్టివేతలు లేవు. చివరి పేజీలో ఒకటే వాక్యం. "నేను సముద్రం చూశాను. ఇప్పుడు తనకి చూపించాలి."

"రెండు రోజులు ఏడిపించి ఇప్పుడు కవిత్వమా?" అన్నాను.

"ఆ రాయి కనిపిస్తోందా? అక్కణ్ణించి బాగుంటుంది. పద, మనం వెళ్దాం."

"సార్, పది నిమిషాలే," అంది గైడ్, నవ్వుతూ.

నేను కదల్లేదు. "మనం అంటే ఎంతమంది?"

ఆయన బస్సు తలుపు దగ్గర జనాన్ని లెక్కపెట్టినట్టే, వేలు చాపి నా భుజం తాకారు.

"ఒకటి."

ఆ వేలు గాలిలో కాసేపు నిలిచింది. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా అది ఆయన వైపు తిరిగి ఉండదు. మెల్లగా తిప్పి తన గుండె మీద పెట్టుకున్నారు.

"రెండు," అన్నారు. "లెక్క సరిపోయింది."

నేను బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాను.