గుంటపడిన ముఖం

త్రెప్తుస్ కళ్లకు పొర కమ్మిందన్న సంగతి రోమ్‌లో ఒక్క అగాథోకే తెలుసు. జూనో గుడి పక్కనున్న టంకశాలలో ఇరవై ఏళ్లుగా ఇద్దరు బానిసలదీ ఒకే దిమ్మె. త్రెప్తుస్ కాలిన వెండి బిళ్లను కింది అచ్చు మీద పెట్టి, పై అచ్చు నిలబెట్టి పట్టుకునేవాడు. అగాథో సుత్తి దించేవాడు. కింది అచ్చులో చక్రవర్తి ముఖం, పై అచ్చులో దేవత.

కొట్టిన నాణెం ఒక్కోసారి పై అచ్చుకే అంటుకుపోతుంది; చూడకుండా మళ్లీ కొడితే తర్వాతి బిళ్ల మీద దేవతకు బదులు ఆ నాణెం ముఖమే గుంటగా పడుతుంది. మిగతావాళ్లు అది కంటితో చూసుకునేవారు. త్రెప్తుస్ మాత్రం అచ్చు అడుగున బొటనవేలితో తడిమేవాడు. ఆ వేలు బయటికి వచ్చేదాకా అగాథో సుత్తి గాలిలో ఆగేది.

చూపు పోయినవాణ్ణి అక్కడ ఉంచరు. గనులకు తోలేస్తారు. వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు.

ఆ ఏడాది గద్దెనెక్కిన మూడో చక్రవర్తి ముఖం అచ్చుకు వచ్చింది.

"సాయంత్రానికల్లా ఈ మొహం దండు చేతుల్లో ఉండాలి, కానివ్వండి!" అని పెత్తందారు కల్విసియుస్ అరిచాడు.

"తొందరపెడితే దొరవారికి ముక్కు వంకరొస్తుందయ్యా," అన్నాడు అగాథో.

"వస్తే నీ ముక్కు కోస్తా."

త్రెప్తుస్ నవ్వాడు. ఆ నవ్వులో ఒక్కసారి వేలితో తడమడం మరిచాడు.

తర్వాతి నాణెం పట్టుకుని రెండువైపులా తడిమాడు. ఒకవైపు ముఖం ఉబ్బెత్తుగానే ఉంది. దేవత ఉండాల్సిన వైపూ అదే ముఖం, తిరగబడి, లోపలికి కుంగి ఉంది.

కల్విసియుస్ దాన్ని లాక్కున్నాడు. చుట్టుపక్కల సుత్తులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"గద్దెనెక్కి పది రోజులు కాలేదు, అప్పుడే ముఖం గుంటపెట్టి పీనుగును చేశారా? అచ్చు చూడలేదేంరా త్రెప్తూ?"

"నేనేనయ్యా," అగాథో అడ్డొచ్చాడు. "వీడు చూసేలోపే దించేశాను. పొద్దున తాగింది ఇంకా దిగలేదు."

"కాదయ్యా, అది..." త్రెప్తుస్ చెప్పబోయాడు.

"నోర్ముయ్‌రా, ముసలి మేకా! చెయ్యి చితకలేదని సంతోషించు," అని అగాథో కసిరాడు.

మర్నాడు పొద్దున్నే అగాథోను గనుల బండి ఎక్కించారు. త్రెప్తుస్‌కు చక్రాల చప్పుడే తెలిసింది. ఎటు చూడాలో తెలియక, చప్పుడు వైపు చెయ్యెత్తాడు.

దిమ్మె దగ్గర కొత్త సుత్తివాడు నిలబడ్డాడు. 'నా వేలు బయటికొచ్చేదాకా ఆగు' అని చెప్పాలి. ఎందుకని అడుగుతాడు. వెనకే కల్విసియుస్ దగ్గు వినిపిస్తోంది.

మొదటి దెబ్బ పడింది. త్రెప్తుస్ అచ్చు ఎత్తి, కింది అచ్చును చేత్తో ఊడ్చి, కొత్త బిళ్ల పెట్టి, అచ్చు అడుగుకు బొటనవేలు పోనిచ్చాడు. వేలు ఇంకా లోపలుండగానే, తలమీదుగా సుత్తి పైకి లేచిన గాలి తగిలింది.