మిల్లు ఆపే అధికారం

పత్తి సీజను జోరుగా ఉన్న రోజులు. మధ్యాహ్నం భోజనాల బెల్లుకి ఇంకా కాస్త టైముంది. జిన్నింగ్ హాలు గుమ్మంలో నిలబడి హాజరు సరిచూసుకుంటుంటే పాతబట్ట కాలుతున్నట్టు వాసన తగిలింది. తలెత్తి చూస్తే, మెషీన్ల మీదుగా పోయే పెద్ద గొట్టం అతుకు దగ్గర సన్నగా పొగ. హాల్లో దూది దుమ్ము ఎప్పుడూ ఉండేదే. కానీ దుమ్ము మెల్లగా కిందకి దిగుతుంది. ఇది పైకి పోతోంది.

అప్పుడు నేను తిరువూరు దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో పర్సనెల్ ఆఫీసర్ని. ఎంబీఏ అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం. పిల్లల బడి వేళలతో కుదరక తర్వాత మానేశాను గానీ, ఒక సంస్థలో ఎవరు ఎవరి కింద పనిచేస్తారన్న సంగతి నిజంగా అర్థమైంది అక్కడే. రైతులు తెచ్చిన పత్తిలోంచి గింజ వేరుచేసి, దూదిని బేళ్ళుగా బిగించడం మిల్లు పని. మెషీన్లలోంచి వచ్చిన దూదిని ఒక ఫ్యాను గొట్టంలోకి లాక్కుని, బేళ్ళు కట్టే ప్రెస్ హాల్లోకి పంపుతుంది. పత్తిలో రాయో ఇనపముక్కో వచ్చి మెషీనుకి తగిలితే నిప్పురవ్వ పుడుతుంది. ఫ్యాను ఆగకపోతే ఆ రవ్వ దూదితోపాటే ప్రెస్ హాలుకి చేరుతుంది. అక్కడ కప్పుదాకా బేళ్ళు, వాటి మధ్య మనుషులు.

కాగితం మీద మా వ్యవస్థ సులువుగానే ఉండేది. ఓనరుగారు, ఆయన కింద ఫ్యాక్టరీ మేనేజరు శామ్యూల్‌గారు, ఆయన కింద షిఫ్టు సూపర్‌వైజర్లు. మెషీన్లకి పత్తి అందించే ఆడవాళ్ళు మాత్రం కంపెనీ మనుషులు కారు. మేస్త్రి వెంకటరత్నంగారు గంపలగూడెం, పెనుగొలను వైపు నుంచి షేర్ ఆటోల్లో తీసుకొచ్చే కూలీలు. వాళ్ళలో ఎవరిని పిలవాలో, ఎవరిని వద్దనాలో ఆయన ఇష్టం. హాల్లోకి వచ్చాక ఆయన కూడా సూపర్‌వైజరు మాట వినాలి. ఆ షిఫ్టు సూపర్‌వైజరు సురేశ్ డిప్లొమా చదివినవాడు, పనిమంతుడు. వెంకటరత్నంగారికి సొంత మేనల్లుడు. తండ్రి చిన్నప్పుడే పోతే ఆయనే పెంచి, చదివించి, మిల్లులో పెట్టించాడు.

"సురేశ్, పొగ!" అని అరిచాను.

అతను చూశాడు. మిల్లుని ఆపే ఎర్ర బటన్ అతని చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది. నొక్కడానికి అధికారమున్నది కూడా అతనొక్కడికే. నొక్కలేదు. పక్కకి తిరిగి, "మావయ్యా, ఒకసారి అటు చూడవా" అన్నాడు.

"దుమ్మురా అది. బయట ఇంకా లోడు దిగాలి, కానీయ్" అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండానే.

సురేశ్ చెయ్యి ఎత్తినంత ఎత్తి దించేసుకున్నాడు. ఆ చెయ్యి దిగడం చూసి నాకు పొగని చూసినప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

"ఆపండి, ఎవరైనా ఆపండి!" అని కేకేశాను. హాల్లో నాకేమీ అధికారం లేదు. పక్క మెషీనుకి పత్తి అందిస్తున్న మరియమ్మ చేతిలోని పత్తి కింద పడేసి, గబగబా వచ్చి అరచేత్తో బటన్ మీద కొట్టింది. ఫ్యాను ఆగిపోయింది. గొట్టం విప్పితే లోపల దూది ఉండ ఒకటి ఎర్రగా రాజుకుని ఉంది. ప్రెస్ హాలుకి ఇంకొక్క మలుపే మిగిలింది. తడి గోనెలు కప్పి ఆర్పారు. ఎవరికీ ఏమీ కాలేదు.

మధ్యాహ్నం మేస్త్రి నా గదికి వచ్చాడు. "మరియమ్మ పేరు తీసేయండి మేడమ్. రేపట్నుంచి రాదు."

"మిల్లుని కాపాడింది కదండీ."

"కాపాడింది, కాదన్లేదు. రేపు ఇంకెవరో కేకేస్తారు, ఇంకొకతె ఆపేస్తుంది. నా మనుషులు ఎవరి మాట వినాలండీ?"

రూలు ప్రకారం నేను కాదనడానికి లేదు, ఆమె ఆయన మనిషి. మరియమ్మ ఇల్లు గడిచేది ఈ సీజను పనితోనే. ఒక మేస్త్రి వద్దన్న మనిషిని ఆ చుట్టుపక్కల ఇంకో మేస్త్రి పిలవడు. నా కేక విని ఆపిన మనిషికి ఈ గతి పట్టడం నాకు మింగుడు పడలేదు. తిన్నగా శామ్యూల్‌గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన గుంటూరు వైపు పెద్ద మిల్లుల్లో చేసి వచ్చిన మనిషి. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. సాయంత్రం షిఫ్టు దిగాక మేస్త్రినీ సురేశ్‌నీ నన్నూ పిలిచి, ముందు సురేశ్‌ని అడిగారు.

"పొగ కనపడిందా?"

"కనపడింది సార్."

"మరి ఆపలేదేం?"

"మావయ్య వద్దన్నాడు సార్."

"వాడు నాకు ఎదురు చెప్పడండీ" అన్నాడు మేస్త్రి కాస్త గర్వంగానే. అని, తనే తల దించుకున్నాడు.

"చెప్పకూడదు కూడా. పెంచిన మావయ్య కదా" అన్నారు శామ్యూల్‌గారు. "తప్పు అతనిది కాదు రత్నంగారూ, మీదీ కాదు. మీ ఇద్దర్నీ ఒకే షిఫ్టులో వేసింది నేను. తప్పు నాది."

తర్వాత వరసగా చెప్పారు. సురేశ్ రెండో షిఫ్టుకి మారతాడు. మనుషుల్ని పిలవడం, పనికి పంచడం మేస్త్రిదే, అందులో ఇంకెవరూ వేలు పెట్టరు. కానీ పనిలో ఉన్న మనిషిని తీసేయాలంటే నా ద్వారా శామ్యూల్‌గారి దగ్గరికి రావాలి. మిల్లు ఆపడం మాత్రం హాల్లో ఎవరైనా చేయొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. మళ్ళీ నడపడం సూపర్‌వైజరు ఒక్కడే, అదీ ఫిట్టరు చూశాక.

అప్పటికప్పుడు ఓనరుగారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. "ప్రతివాళ్ళూ ఆపుకుంటూ పోతే మిల్లు నడుస్తుందా శామ్యూలూ?" అన్నారు ఆయన అవతల్నుంచి.

"కారణం లేకుండా ఆగితే నన్నడగండి సార్. ఆపినవాళ్ళని అడగొద్దు."

"సరే, చూద్దాం" అని ఓనరుగారు ఫోన్ పెట్టేశారు.

"మరి మరియమ్మ?" అన్నాడు మేస్త్రి.

"మీ మనిషి, మీరే పిలవండి" అన్నారు శామ్యూల్‌గారు.

మరియమ్మ గేటు దగ్గర, ఆటో ఎక్కకుండా నిలబడి ఉంది. మేస్త్రి ఆమె ముందు ఆగి, "ఏమ్మా, రేపు లేటుగా వచ్చావంటే ఊరుకోను" అన్నాడు.

"ఆటో తప్పితే మీ బండెక్కుతాలెండి" అందామె. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాపుకోలేకపోయాడు.

ఆ సీజనులో మిల్లు ఇంకా కొన్నిసార్లు ఆగింది. కొన్ని ఉత్త అనుమానాలే. ఆపినవాళ్ళని శామ్యూల్‌గారు ఒక్క మాట అనలేదు. సంస్థలో పై వరస, కింది వరస గీయడం కాలేజీలో నేర్పారు. ఆ గీతల కింద మావయ్యలు, మేనల్లుళ్ళు ఉంటారని, వాళ్ళని విడదీయకుండా, చిన్నబుచ్చకుండా పని మాత్రం వేరుచేయొచ్చని ఆయన్ని చూసి నేర్చుకున్నాను. అధికారం ప్రమాదానికి దగ్గరగా నిలబడ్డవాళ్ళ చేతిలో ఉండాలి.

ఆ నిప్పు రాజుకున్న మర్నాడు పొద్దున పాపకి జడ వేస్తూ, బూట్లు తొడుక్కుంటున్న బాబుని కూడా దగ్గరికి పిలిచాను. అన్నిటికీ భయపడే తల్లిని కావడంతో, ఏం చేయాలన్నా ముందు అమ్మని అడగండని రోజూ నూరిపోసేదాన్ని. ఆ పొద్దున మాట మార్చాను.

"ఏదైనా కాలుతున్న వాసన వస్తే నన్ను అడుగుతూ కూర్చోవద్దు. గట్టిగా అరిచి బయటికి పరిగెత్తండి. ఏమీ లేకపోయినా తిట్టను."

"నానమ్మ ఏం కాదులే అన్నా?" అంది పాప.

"నానమ్మ అన్నా పరిగెత్తండి. నేనన్నా సరే."