డిస్క్ బ్రేకు రిమ్ములూ, మా నాయన బొటనవేలూ

మా సైకిల్ అంగడి మద్రాసులో, కోడంబాక్కం రైలు స్టేషనుకు దగ్గర్లో ఉంది. రిమ్ము మంచిదో కాదో నలభై ఏళ్ళు అక్కడ తేల్చి చెప్పింది మా నాయన బొటనవేలే. పాత రకం బ్రేకులు రిమ్ము పక్కల్ని పట్టి బండిని ఆపుతాయి కాబట్టి, అక్కడ లోహం అరిగి గాడి పడుతుంది. ఆయన కళ్ళు మూసుకుని ఆ గాడి మీద గోరు నడిపి, "ఇది ఇంకొక్క వానాకాలం తట్టుకుంటాది" అనేవాడు. ఇక ఆ మాటకు తిరుగులేదు.

నాకు పని నేర్పే రోజుల్లో నా గోరు తప్పు చెబితే స్పోకుతో వేళ్ళ మీద కొట్టేవాడు. అదీ గిరాకీల ముందు. "వీడి చేతికి బుద్ధి లేదు సార్" అని వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నేను మర్చిపోలేదు. మర్చిపోవాలని ప్రయత్నించనూ లేదు.

పోయినేడు ఒక ఆదివారం పొద్దున, హైదరాబాదు నుంచి ఉద్యోగానికి వచ్చిన ఒకాయన మౌంటెన్ బైకు తెచ్చాడు. కొండదారుల్లో తొక్కుతాడట. డిస్క్ బ్రేకులకు సరిపడే కొత్త రిమ్ములు కావాలన్నాడు. నాయన స్టూలు మీంచి లేచి, పక్కలు నున్నగా చెక్కిన రిమ్మొకటి తీశాడు.

"ఇది తీసుకో తంబీ. గోడ మందం. బ్రేకు బాగా పట్టుకుంటాది."

నేను పకపకా నవ్వాను. "ఈ బండికి బ్రేకు ఈడ పట్టదు నాయనా. ఆడ, చక్రం నడుమ ఉండే రేకును పట్టుకుంటాది. రిమ్ము గోడ అరిగేదే లేదు. నీ గోరుకు ఇంక పని లేదు."

"పర్లేదు అంకుల్" అన్నాడు వచ్చినాయన, ఇబ్బందిగా.

నాయన తగ్గలేదు. "గోడ అరగకపోతే ఏందిరా? స్పోకు చిల్లుల కాడ పగులుందేమో చూడాల గదా. అది నేను చూస్తా."

అది నిజం. డిస్క్ బ్రేకు పట్టినప్పుడు లాగుడంతా స్పోకుల మీదే పడుతుంది. నిజం కాబట్టే నాకు ఒళ్ళు మండింది.

లోపలికి వెళ్ళి మూడు నల్ల రిమ్ములు తెచ్చాను. రెండు కొత్తవి. మూడోది పాత ఇనుముకు వేయాలని పక్కన పెట్టింది, ఒక చిల్లు పక్కన వెంట్రుకంత పగులు. షుగరు వల్ల నాయన వేళ్ళకు స్పర్శ పోయిందని నాకు తెలుసు. చేయి కాలుతున్నా తెలియక టీ గ్లాసు అలాగే పట్టుకుని కూర్చోవడం చూశాను. తెలిసే తెచ్చాను.

"ఏది బాగుందో నువ్వే చెప్పు నాయనా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఒక్కో చిల్లూ తడుముతూ పోయాడు. వచ్చినాయన ఎంతో గౌరవంగా చూస్తున్నాడు. చివరికి నాయన మూడోది నా చేతికిచ్చాడు. "ఇదే. దీంట్లో ఏం దోషం లేదు."

దాన్ని వెలుతురుకు పట్టి పగులు చూపించాను. "చూశారా సార్? దీని మీద కొండ దిగుంటే మీ గతేంది? ఈయన చేతికి బుద్ధి లేదు."

వచ్చినాయన నవ్వలేదు. నేనొక్కణ్ణే నవ్వాను. నాయన రిమ్ము తీసుకుని ఆ చోటే మళ్ళీ మళ్ళీ తడిమాడు. "తెలీలేదురా" అన్నాడు. చేతులు గుడ్డకు తుడుచుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. నేను మంచి రిమ్ములు రెండూ బిగించి ఇచ్చాను. అబద్ధమెందుకు, ఆ రోజంతా నాకు హాయిగానే ఉంది.

మర్నాడు పొద్దున నాయన రోజూ వచ్చే వేళకే వచ్చాడు. ఆ అంగడి పెట్టింది ఆయనే. చెప్పులు విడవకుండా మెట్టు కింద నిలబడి, "లోపలికి రావచ్చా?" అని నన్ను అడిగాడు.

"గిరాకీలు ఉండారు నాయనా, సాయంత్రం రా" అన్నాను.

అంగట్లో ఎవరూ లేరు. అది ఆయనకూ కనబడుతూనే ఉంది. "సరేలేరా" అని వెనక్కి తిరిగాడు.