బావగారి కుర్చీకి సర్దిన శబ్దం

మొన్న రాజమండ్రిలో మా తమ్ముడి కొడుకు కొత్త ఫ్లాటులో హోమ్ థియేటర్ బిగిస్తూ, శబ్దం కొలిచే చిన్న మైకునొకదాన్ని సోఫాలో మనిషి తల ఉండే ఎత్తున నిలబెట్టి, మమ్మల్నందరినీ ఊపిరి కూడా గట్టిగా పీల్చవద్దన్నాడు. స్పీకర్లు వంతులవారీగా ఉస్సుమన్నాయి. ఖాళీ సోఫాలో ఎవరో ఉన్నారనుకుని ఆ యంత్రం పడుతున్న తాపత్రయం చూసేసరికి నా వెన్ను జల్లుమంది.

"ఏంటి పెదనాన్నా, ఏసీ ఎక్కువైందా?" అన్నాడు వాడు. అవునన్నాను.

ఏసీ కాదు. కడియంలో మా బావగారి కుర్చీ గుర్తొచ్చింది. మా అక్క భర్త ఆయన, నర్సరీ యజమాని. మన తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రంగుల టీవీ ఉన్నవాడి గొప్ప అంతరించి, హోమ్ థియేటర్ ఉన్నవాడు ఎదురైతే ఊరు సైకిలు దిగే రోజులవి. బావగారు తెచ్చిన సెట్టు బరువుకి వ్యాను టైర్లు మూరెడు భూమిలోకి దిగాయని ఎవరూ నమ్మకపోయినా నేనిప్పటికీ చెబుతాను. మొక్కల వరుసలు తిన్నగా రావడానికి లాగే పురికొసనే ఆయన ఒక్కో స్పీకరు నుంచి తన చెవి దాకా లాగి, ఆ దూరాలన్నీ యంత్రానికి ఎక్కించి, స్పీకర్లను ఎండకు తిప్పిన కుండీల్లా తన పేము కుర్చీ వైపు తిప్పారు. ఇక శబ్దమంతా ఆ కుర్చీకే సొంతం. పక్కన కూర్చున్న మాకు సినిమాలో వాన ఒక చెవిలోనే కురిసేది. అక్కకైతే హాల్లో కూర్చునే తీరికెక్కడిది, వంటింట్లోంచే వినేది.

ఒక వర్షాకాలం బావగారు గుండెపోటుతో పోయారు. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కానీ సాయంత్రమయ్యేసరికి అక్క సెట్టు పెట్టేది. గోడవార చాపల మీద కూర్చున్న మా తలల మీదుగా శబ్దం వెళ్ళి, ఆ ఖాళీ కుర్చీ చుట్టూ మూగేది. కరెంటు చాలాసేపు పోతే యంత్రం కొలతలు మర్చిపోతుందని మెకానిక్ చెప్పినప్పటి నుంచి అక్కకి అదే బెంగ. దానికోసమే ఇన్వర్టరు కొంది. ఫ్రిజ్‌లో పాలు విరిగినా, ఫ్యాను ఆగి చుట్టాలు ఇడ్లీల్లా ఉడికినా, ఆ పెట్టె మీది నీలం దీపం మాత్రం వెలగాల్సిందే.

"మీ బావగారు అక్కడే కూర్చుంటారని దానికొక్కదానికే తెలుసురా" అనేది.

నవ్వాలో భయపడాలో తెలియక నేను మజ్జిగ అడిగేవాణ్ణి.

తర్వాత తుఫాను వచ్చింది. స్తంభాలు పడుకున్నాయి, ఇన్వర్టరూ చేతులెత్తేసింది. కరెంటు వచ్చేసరికి ఆ యంత్రం కొలతలన్నీ చెరిపేసుకుని, కొట్లోంచి అప్పుడే దిగినట్టు అమాయకంగా కూర్చుంది. అక్క ఏడవలేదు.

"కుర్చీలో కూర్చోరా, మళ్ళీ కొలుద్దాం" అంది.

"నేనా అక్కా?"

"మరెవరు? ఆయన చెవి ఎత్తుకి రావాలి. నువ్వు పొట్టి, పీట వేసుకో. అదీ చాలదు, దిండు పెట్టు."

పట్టాభిషేకానికి ఎక్కినట్టు ఎక్కాను. కొలతలయ్యాక అక్క ఆ వాన సినిమానే పెట్టి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు సర్దుకుంటూ అక్కణ్ణుంచే చెప్పసాగింది, వెనక స్పీకరు తగ్గించమని, కుడిది పెంచమని, ఆయనున్నప్పుడు ఇక్కడికి ఇలా వినపడేది కాదని. నేను రిమోటు నొక్కుతూ పోయాను. వాన చప్పుడు నా తల చుట్టూ మెల్లగా దగ్గరికొచ్చింది. ఉన్నట్టుండి గిన్నెల అలికిడి ఆగింది.

"ఆఁ, ఇప్పుడొచ్చారు" అంది అక్క. "ఇంక నువ్వు లే."

నా జన్మలో అంత వేగంగా ఏ కుర్చీలోంచీ లేవలేదు.

ఇప్పుడు అక్కా లేదు. మా తమ్ముడి కొడుకు యంత్రం గదిలో ఎవరెక్కడ కూర్చున్నా ఒకేలా వినిపించేట్టు తనే సర్దుకుంటుందట, కరెంటు పోయినా ఏదీ మర్చిపోదట. చక్కగానే ఉంది. నాలుగు మూలలా కూర్చుని చూశాను, ఏ మూలా ఎవరిదీ అనిపించలేదు. వాడు కాఫీ ఇస్తే, ఎక్కడ కూర్చోవాలో తోచక నిలబడే తాగాను.