తవుడుకిచ్చిన పిల్ల పాస్‌పోర్టు

మొన్న పాలకొల్లులో మా ఇంటికి నా మేనకోడలి పాస్‌పోర్టు పోస్టులో వచ్చింది. ఐదేళ్ళు ఎదురుచూసిన కవరు కదా, చించడానికి ఎవరికీ చెయ్యి రాక అందరూ కళ్ళొత్తుకుంటుంటే, నేనే కత్తెర తెచ్చాను.

మా అక్కాబావా మస్కట్‌లో పనిచేస్తారు. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయాక, ఈ పిల్ల అక్కడే పుట్టింది. ఏడాదిలోపు మన ఎంబసీలో పుట్టుక నమోదు చేయించాలని వాళ్ళకి తెలిసేసరికి ఏడాది కాస్తా దాటి, పౌరసత్వానికి ఇక్కడ దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. ఒక్క ప్రయాణానికి మాత్రం చెల్లే కాగితంతో పిల్లని తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టి, పాస్‌పోర్టు రాగానే తీసుకెళ్తానని అక్క వెళ్ళిపోయింది.

బిడ్డలు నిలవని ఇంట్లో పుట్టినదాన్ని పరాయివాళ్ళకి అమ్మేస్తే మృత్యువు ఇల్లు మరిచిపోతుందని మా అమ్మ నమ్మకం. పిల్ల ఊళ్ళో కాలుపెట్టిన రోజే, పక్కింట్లో చేపలమ్మే పెద్దమ్మ చేటెడు తవుడు పోసి దాన్ని కొనుక్కుంది. ఆపైన ఎవరడిగినా మాది కాదనే చెప్పాలి. మృత్యువు నమ్మిందో లేదో గానీ, ప్రభుత్వం మాత్రం నమ్మేసింది.

పౌరసత్వం దరఖాస్తు మీద విచారణకి వచ్చినాయన, పాప మీ మనవరాలేనాండీ అని అడిగారు. నేను లోపల జిరాక్సులు వెతుకుతుండగానే, మా అమ్మ ఆయనకి మంచినీళ్ళిచ్చి మరీ చెప్పింది.

"మాది కాదండి బాబూ, పక్కింటావిడకి తవుడికి అమ్మేశామండి."

"అవునండి, నేనే కొన్నాను," అని పెద్దమ్మ గోడ మీంచి సాక్ష్యం కూడా పలికింది.

ఆయన గ్లాసు కింద పెట్టి పెన్ను తీశారు. ఇది ఆచారమండీ అంటూ నేను పరుగెత్తుకొచ్చేసరికి రాయడం అయిపోయింది. ఆ ఒక్క వాక్యాన్ని చెరపడానికి ఎన్ని అఫిడవిట్లు, ఎన్ని విచారణలు! ఈలోగా ఫోన్లో అక్క 'తిన్నావా' అని అడిగితే, పిల్ల చుట్టాలకి చెప్పినట్టు 'తిన్నానండి' అనడం నేర్చుకుంది.

మొన్న పాస్‌పోర్టులో తల్లి పేరు కూడబలుక్కుని చదివి, పక్కింటికి పరుగెత్తి పెద్దమ్మకి చూపించింది.

"నీ పేరు తప్పు వేశారే అమ్మా," అంది.



వచ్చేవారం విమానం. ఆచారంలో తిరిగి కొనుక్కోవడం ఉందో లేదో మా అమ్మకీ తెలియదు. ఒకప్పుడు ఏ ఇంట్లో అడిగినా దొరికే తవుడు ఇప్పుడు చేపల చెరువులకే పోతోంది. నిన్న మిల్లుకెళ్ళి బతిమాలి చేటెడు తెచ్చాను. అమ్మ దాన్ని తీసుకెళ్ళి పక్కింటి గోడ మీద పెట్టింది.

పెద్దమ్మ ఇంకా ముట్టుకోలేదు.