ఇరవై మూడో మనిషి

నిన్న ఉదయం గాజువాక స్టాపులో ఒక దూరప్రాంతపు బస్సు నా పక్కనే ఆగింది. తలుపు తెరుచుకోగానే వేడెక్కిన రెక్సిన్ సీట్ల వాసన, డీజిలు వాసన కలిసి మొహానికి కొట్టాయి. నాకిప్పుడు డెబ్బై ఒకటి. ఆ వాసన నన్ను నలభై ఆరేళ్లు వెనక్కి, మస్తాన్‌బీ పిన్ని పక్క సీట్లోకి తీసుకెళ్లింది.

వన్ టౌన్‌లో ఆవిడది మా పక్క వాటా. భర్త పోయాక నెలకోసారి గుండీలు, లేసులు రెండు మూటలు కట్టి రాజమండ్రి దర్జీలకి అమ్ముకొచ్చేది. రెండో మూట నేను మోస్తే నా టికెట్టు ఆవిడే కొనేది. మా నాన్న పోర్టులో కలాసీ. కూతుర్ని ఇంటర్వ్యూలకి పంపే స్తోమత ఆయనకి లేదు. అలా పదకొండుసార్లు వెళ్లాను. అన్నీ ఆర్డినరీ బస్సులే. అన్నం డబ్బా ఒళ్లో, మూట కాళ్ల కింద.

తునిలో బస్సు పావుగంట ఆగేది. తొందరలో మనుషుల్ని వదిలేసి పోవడం ఆవిడ కళ్లారా చూసింది. అందుకని దిగేముందు ఒకసారి, కదిలేముందు ఒకసారి తలలు లెక్కపెట్టేది. ముందు సగం ఆవిడది, వెనక సగం నాది.

"ఈ బండికి కండక్టర్ని నేనా, నువ్వా బీబమ్మా?" అని కండక్టరు వెక్కిరించేవాడు.

"జీతం నీదే బాబూ, పని నాది," అనేది.

పన్నెండోసారి రాజమండ్రిలో పన్నెండు గంటలకి ఇంటర్వ్యూ. గుమాస్తా ఉద్యోగం. పాతికేళ్లు దాటితే ఇక పిలవరు. నాకు నెల గడువుంది. దారిలో టైరు పంక్చరై యాభై నిమిషాలు పోయాయి. తునిలో అందరూ ఎక్కాక చూస్తే నా సగంలో ఇరవై మూడుకి ఇరవై రెండు తలలే ఉన్నాయి. అనకాపల్లిలో ఎక్కిన ముసలాయన సీట్లో గుడ్డసంచీ ఒక్కటే ఉంది. ఆయన చెమటలు కక్కుతూ, గుండె పట్టుకుని టీ పాక వెనక్కి వెళ్లడం నేను చూశాను.

"అందరూ ఎక్కీసినారా?" అంది పిన్ని.

"ఎక్కేశారు పిన్నీ," అన్నాను.

ఆరు కిలోమీటరు రాళ్లు దాటాయి. ఒక మలుపులో ఆ సంచీ జారి కింద పడింది. పిన్ని దాన్ని తీసి, ఖాళీ సీటు చూసి, నా వైపు తిరిగింది.

"ఎవలిదే ఇది?"

నేను కిటికీ వైపు తిరిగాను. ఆవిడ బస్సు ఆపించింది. వెనక్కి తిప్పమంటే డ్రైవరు ఒప్పుకోలేదు. తరవాతి బస్సులో వస్తాడులే అన్నాడు. మూటలు రెండూ నాకు వదిలేసి, సంచీ చంకన పెట్టుకుని దిగింది.

"నువ్వెల్లు. నీకు పనుంది కదా," అంది.

తుని వైపు ఎండలో నడుస్తూ కనిపించింది. వెనక్కి తిరిగి చూడలేదు.

పన్నెండుకి ఆరు నిమిషాల ముందు చేరాను. ఉద్యోగం వచ్చింది. మూటలు అమ్మిన డబ్బు పైసాతో సహా తెచ్చిస్తే, లెక్క చూసుకోకుండా పెట్టెలో పడేసింది. ముసలాయన సంగతి ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. మళ్లీ నన్ను ప్రయాణానికి పిలవలేదు.

ఆ ఉద్యోగం ముప్పై మూడేళ్లు చేశాను. తప్పు దొరకని మనిషినని ఆఫీసులో పేరు. పిన్ని ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో మూడు రోజులు పక్కనే కూర్చున్నాను. మాట స్పష్టంగానే ఉండేది. అడగొచ్చు. పోయాడంటుందేమోనని అడగలేదు. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఆయన పేరు కూడా నాకు తెలియదు. ఒకటో తారీఖు రాగానే పెన్షను మాత్రం పడుతుంది. తీసుకుంటాను.